పట్టు, ఒదుగు: మోటారు క్లచ్చి చరిత్ర

కొత్త రుబ్బురోలు ఇంటికి వచ్చిన దినముననే అందులో పప్పు పోసి రుబ్బు ఇల్లాలు ఉండదు. ముందుగా తవుడు వేసి రుబ్బును, కడిగి పారబోయును, మరల రుబ్బును. రాతి గరుకు అరిగి, రోలును పొత్రమును ఒకదానికొకటి ఒదిగిన పిమ్మటనే అది వంటకు పనికి వచ్చును. కోడెలను తొలిసారి కాడికి కట్టిన రైతును అంతే. మొదటి దినముననే వానిచేత ధాన్యపు బండి లాగింపడు. రెండు వస్తువులు ఒకటిగా కూడి పనిచేయవలసిన చోట బలము ఒక్కటియే చాలదనియు, ఒదుగుదల కూడ కావలెననియు మన పెద్దలకు తెలియును.

మోటారు కారులో ఈ సూత్రమునకు పూర్తిగా లోబడిన భాగము క్లచ్చి. వేగముగల కారునకు ఇంజను శక్తిని పెంచి, దానికి తగిన బలమైన క్లచ్చిని బిగించుకొనిన వానికి తయారుచేసినవారు ఇచ్చు మొదటి హితవు ఒక్కటే: సుమారు 800 కిలోమీటర్ల వరకు దాని బలమును పరీక్షింపవద్దు, మెల్లగా నడుపుడు. అధిక బలము కొరకు ధనము వెచ్చించినవానికి ఈ మాట వింతగా తోచును. కాని ఈ హితవు వెనుక నూటముప్పది సంవత్సరములకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో తోలు కలదు, ఆముదము కలదు, బెండు కలదు. మనుష్యుల ప్రాణములను హరించిన ఒక రాతినారయు కలదు.

ముందు క్లచ్చి యొక్క అవసరమేమో చూతము. ఆవిరియంత్రము నిలిచియున్న స్థితినుండియే బరువును లాగగలదు. పెట్రోలు ఇంజను అట్లు కాదు. నిమిషమునకు కొన్ని వందల చుట్లు తిరుగుచున్నప్పుడే దానికి సత్తువ. తిరుగుచున్న ఇంజనును, కదలక నిలిచిన చక్రములను ఒక్క పెట్టున కలిపినచో ఇంజను ఆగిపోవును, లేదా ఏదో ఒక ఇరుసు విరుగును. కావున ఆ రెంటి నడుమ ఒక మధ్యవర్తి కావలెను. అది మొదట కొంత జారవలెను. జారుచు జారుచు చక్రములను ఇంజను వేగమునకు తేవలెను. ఆ పిమ్మట ఏమాత్రమును జారక గట్టిగా పట్టవలెను. జారుట, పట్టుట అను ఈ రెండు విరుద్ధగుణములను ఒకే వస్తువునందు సాధించుటకు చేసిన ప్రయత్నమే క్లచ్చి చరిత్ర.

జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ 1886వ సంవత్సరము జనవరి 29వ తేదీన పేటెంటు కోరిన మూడు చక్రముల బండిలో నేడు మనమెరిగిన క్లచ్చి లేదు. ఇంజను శక్తిని ఒక పట్టీ వెనుకకు చేర్చెడిది. ఆ పట్టీని వట్టిగా తిరుగు కప్పీ మీదినుండి బిగించిన కప్పీ మీదికి జరిపినచో బండి కదలెడిది. జరుగునప్పుడు పట్టీ కొంత జారెడిది. ఆ జారుడే తొలి కారునకు మెత్తని కదలిక నిచ్చెను. 1888వ సంవత్సరము ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, తన ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్త్‌స్‌హైమ్ నగరమునకు ఆ బండిలో ప్రయాణము చేసెను. దారిలో బ్రేకు దిమ్మలు అరిగిపోగా ఒక చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు తొడిగించెను. ఘర్షణకు గురియగు ముఖమునకు వేరొక పదార్థముతో తొడుగు వేయుట, అనగా నేటి వాడుకలో లైనింగు, మోటారు బండికి ఇట్లు అబ్బినది.

ఆ తోలే క్లచ్చికిని ఆధారమయ్యెను. ఫ్రాన్సు దేశమున ఎమిల్ లెవసార్ 1891వ సంవత్సరము నాటికి ఇంజనును ముందును, దాని వెనుక క్లచ్చిని, ఆ వెనుక గేర్ల పెట్టెను అమర్చి, పిమ్మటి కాలపు కార్లకు మార్గము చూపెను. 1895వ సంవత్సరమున పారిస్ నుండి బోర్దో వరకు పోయి మరల పారిస్ చేరు పందెములో, సుమారు 1,178 కిలోమీటర్ల దూరమును ఆయన 48 గంటల 48 నిమిషములలో ముగించెను. ఆ కాలపు కార్లలో ప్రబలిన క్లచ్చి శంకువు ఆకారము గలది. ఇంజను చక్రములో గరాటువంటి గుంట. అందులోనికి దూరు తోలు తొడిగిన లోహపు శంకువు. దానిని లోనికి నెట్టు గట్టి స్ప్రింగు. ఆప్పు వలె బిగియుటచేత తక్కువ ఒత్తిడితోనే మంచి పట్టు దొరకెడిది.

అయితే ఆ పట్టు మొరటుది. తోలు ఎండినచో శంకువు చప్పున కరచుకొని కారు ఎగిరిపడెడిది. అప్పుడు తోలునకు ఆముదమో, పశువుల గిట్టలనుండి తీసిన నూనెయో పట్టించి మెత్తపరచెడివారు. నూనె ఎక్కువైనచో జారెడిది. అప్పుడు మన ఇండ్లలో ముల్తానీ మట్టి యని వాడుకొను మన్నును పొడిచేసి దానిపై చల్లెడివారు. కొత్త తోలు వేసినప్పుడు మిట్టలుగానున్న చోట్లను చెక్కి, గుంట గోడను అంతటను తాకునట్లు చేసి, కొన్ని దినములు నెమ్మదిగా నడుపవలసి యుండెడిది. కారు నడుపుట ఎరిగినవానికి క్లచ్చి తోలు సంరక్షణయు తెలిసియుండవలెను. నేటి రన్నింగ్ ఇన్ అను ఆచారమునకు ఇది పూర్వరూపము.

తోలు చపలత్వమునకు విసిగినవారు లోహమును ఆశ్రయించిరి. ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున హీల్-షా అను ఆంగ్ల ఆచార్యుడు, వలయాకారపు గాడి గల కంచు పలకలను ఉక్కు పలకలను ఒకదానివెంట ఒకటి పేర్చి నూనెలో మునిగియుండునట్లు ఒక క్లచ్చిని రూపొందించెను. పలకల సంఖ్య పెరిగినకొలది తాకు ముఖములు పెరుగును. ఒక్కొక్క ముఖముపై భారము తగ్గును. 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి కారులో కూడ పెక్కు ఉక్కు పలకల క్లచ్చి నూనెలో తిరిగెడిది. చలికాలపు ఉదయమున నూనె చిక్కబడి ఆ పలకలు విడిపోక, ఎదుట నిలిచి హ్యాండిలు తిప్పినవానిపైకే కారు మెల్లగా నడచివచ్చుట ఆ రోజులలో అందరెరిగిన ముచ్చట. ఇంగ్లండులో తొలి మారిస్ కార్లు పలకలలో బెండు ముక్కలు పొదిగి నూనెలో నడిపెను. బెండు నూనెలోను పట్టు విడువదు, కదలిక మెత్తన. అమెరికాలో హడ్సన్ కంపెనీ ఈ పద్ధతిని 1950వ దశకము వరకును విడువలేదు.

కాని చివరకు గెలిచినది నూనె లేని ఒంటి పలక. అమెరికాలో బోర్గ్ అండ్ బెక్ సంస్థ పెంపొందించిన ఈ విధము 1920వ దశకము నుండి వ్యాపించి, నేటికిని చేతి గేర్ల కార్లలో సామాన్యముగా నిలిచియున్నది. దీని అమరిక సులభము. ఇంజనుతో తిరుగు బరువైన ఇనుప చక్రము ఫ్లైవీలు. దానికి ఎదురుగా మరియొక ఇనుప వలయము ప్రెషర్ ప్లేటు. ఈ రెంటి నడుమ ఇరువైపుల లైనింగు అతికిన పలుచని పలక, క్లచ్చి ప్లేటు. స్ప్రింగులు ప్రెషర్ ప్లేటును నెట్టగా నడిమి పలక రెండు అరచేతుల మధ్య చిక్కిన అప్పడమువలె బిగిసి, ఇంజనుతో కలిసి తిరుగును. పెడలు తొక్కినచో ఒత్తిడి తొలగి పలక విడివడును.

ఈ పొడి పలకకు తోలు పనికిరాదు, వేడికి మాడిపోవును. ఇచ్చట హెర్బర్ట్ ఫ్రూడ్ అను ఆంగ్లేయుని ప్రస్తావింపవలెను. డార్బీషైర్ మిట్టపల్లములలో గుఱ్ఱపుబండ్లవారు బండి వాలున దిగునప్పుడు బ్రేకు దిమ్మకు పాత బూటు తోలు తొడుగుట చూచి, అంతకంటె మన్నికగల పదార్థము చేయవచ్చునని ఆయనకు తోచెను. 1897వ సంవత్సరమున పని ప్రారంభించి, ముందు నూలుగుడ్డను మైనము వంటి పదార్థములతో గట్టిపరచి దిమ్మలు చేసెను. తన ఇంటిపేరు అక్షరములను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని ఒక అక్షరమును చేర్చి, ఫెరోడో అని తన సరకునకు పేరు పెట్టెను. 1908 ప్రాంతమున నూలునకు మారుగా ఆయన ఆస్‌బెస్టాస్ వాడుటకు పూనుకొనెను. రాతినుండి తీయు ఈ నార కాలదు, నూలువలె వడకవచ్చును, నేయవచ్చును. దీనిని మించినది లేదని ఆనాడు అందరును తలచిరి.

ఆ నారను కలిపి ఉంచుటకు బంక కావలెను. 1907వ సంవత్సరమున లియో బేక్లండ్ కనుగొనిన బేకలైట్ జాతి రెసిను అందుకు తగినదయ్యెను. పాతకాలపు రేడియోలకు మెరయు గోధుమరంగు పెట్టె చేసినది ఈ పదార్థముతోనే. అలమారుపై నిలిచి పాట వినిపించిన పెట్టెకును, వీధిలో నిలిచిన కారు అడుగున తిరిగిన పలకకును ఇట్టి చుట్టరికము కలదు. ఈ రెసిను గుణమును గుర్తుంచుకొనవలెను. కొత్త క్లచ్చిని కాపాడుటకును చెరచుటకును అదియే ముఖ్యకారణము.

కొత్త పలక, కొత్త ఫ్లైవీలు కంటికి అద్దమువలె సమతలముగా తోచును. అవి నిజముగా అట్టివి కావు. 1699వ సంవత్సరమున ఫ్రెంచి విద్వాంసుడు అమోంతోన్ ఘర్షణ ఒత్తిడిని బట్టి యుండునే గాని తాకు ముఖము వైశాల్యమును బట్టి యుండదని ప్రకటించెను. ఇది వింతగా తోచెను. దీనికి చక్కని సమాధానము కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున బౌడెన్, టేబర్ అను శాస్త్రజ్ఞులు ఇచ్చిరి. వారి పరిశోధనలు 1950వ సంవత్సరమున గ్రంథరూపమున వెలువడెను. ఎంత నున్నని తలమైనను సూక్ష్మముగా చూచినచో కొండలు లోయలు కలది. రెండు తలములు కలిసినప్పుడు ఆ కొండల శిఖరములే తాకును. మనము చూచు వైశాల్యములో నిజముగా తాకు భాగము మిక్కిలి స్వల్పము.

క్లచ్చి విషయములో దీని ఫలితమేమి? కొత్త పలకలో కొన్ని చోట్లు మాత్రమే ఇనుమును తాకును. భారమంతయు, వేడిమియంతయు ఆ కొద్ది చోట్లపై పడును. మెల్లగా నడిపినచో ఆ మిట్టలు కొంచెము కొంచెముగా అరిగి, తాకు చోట్లు విస్తరించి, పలక అంతయు భారమును పంచుకొనును. అదియునుగాక లైనింగు పదార్థము పలుచని పొరగా ఇనుముపైకి చేరును. ఆ పొర ఏర్పడిన పిమ్మట లైనింగు తన జాతిపదార్థము మీదనే రాచుకొనును. పట్టు స్థిరమగును, కదలికలో అదురు పోవును. తొందరపడినచో జరుగునది వేరు. ఆ కొద్ది మిట్టలు మితిమీరి వేడెక్కి, అందలి రెసిను కరగి పైకి తేలి, గాజువలె మెరుగుపట్టును. మెరుగుపట్టిన ముఖము జారును. జారినకొలది మరింత వేడెక్కును. ఇనుముపైనను నీలి మచ్చలు పడును, సన్నని బీటలు వారును.

ఆ వేడిమి ఎంతయో లెక్క చూచినచో తొందరలోని ప్రమాదము తెలియును. ఇంజను ఒకే వేగమున తిరుగుచుండగా నిలిచియున్న కారును కదలించునప్పుడు, కారునకు ఎంత శక్తి చేరునో అంత శక్తియు క్లచ్చిలో వేడిమిగా మారును. ఇది తప్పించుకొనరాని సుంకము. 1,400 కిలోగ్రాముల కారు గంటకు 20 కిలోమీటర్ల వేగము అందుకొనువరకు క్లచ్చి జారినచో, అందు పుట్టిన వేడిమి పావులీటరు నీటి ఉష్ణోగ్రతను సుమారు 20 డిగ్రీలు పెంచగలదు. నాలుగుసార్లు అట్లే చేసినచో ఆ నీరు మరుగును. పూర్తిగా ఒదిగిన పలక ఈ వేడిమిని అంతటికి పంచుకొని ఇనుమునకు అప్పగించును. ఒదగని పలకలో అదంతయు నాలుగు మిట్టల నెత్తిన పడును.

పూర్వము కొత్త కారు సాంతమును ఇట్లు ఒదిగించుట ఆచారము. ఇంగ్లండులో 1950వ దశకమున కొత్త కారు వెనుక అద్దముపై, బండి ఇంకను ఒదుగుచున్నది, దాటిపొమ్మని వేడు కాగితమును అతికించుట పరిపాటి. తరువాత యంత్రములు లోహమును ఎక్కువ నిగ్గుగా కోయుట నేర్చుటచే ఇంజను విషయములో ఆ నియమము చాలవరకు సడలెను. క్లచ్చి విషయములో మాత్రము సడలలేదు. ఘర్షణయే వృత్తిగా గల వస్తువునకు తుది మెరుగు కర్మాగారము ఇయ్యలేదు, నడుపువాడే ఇయ్యవలెను.

ఇక ఈ చరిత్రలోని దుఃఖభాగము. పట్టు కొరకు వెదకిన మానవుడు ఆస్‌బెస్టాస్ నార దొరకినదని సంతసించెను గాని, ఆ నారను వడకు చేతుల సంగతి ఆలోచింపలేదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణమున ఆస్‌బెస్టాస్ నూలు వడకిన నెల్లీ కెర్షా అను స్త్రీ 1924వ సంవత్సరము మార్చి 14వ తేదీన, 33 సంవత్సరముల వయసున మరణించెను. డాక్టరు విలియం కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి, అందు ఆ రాతినార ధూళి చిక్కుకొనియున్నదని అదే సంవత్సరము వైద్యపత్రికలో ప్రకటించెను. 1927వ సంవత్సరమున ఆయన ఆ రోగమునకు ఆస్‌బెస్టోసిస్ అను పేరును వాడెను. బ్రిటిషు ప్రభుత్వము విచారణ జరిపించగా మెరివెదర్, ప్రైస్ అనువారి నివేదిక 1930వ సంవత్సరమున వెలువడెను. మరుసటి సంవత్సరము కర్మాగారములలో ధూళి నివారణకు నియమములు వచ్చెను. 1955వ సంవత్సరమున రిచర్డ్ డాల్ ఈ పనివారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు హెచ్చుగా నున్నదని నిరూపించెను. ఇంత తెలిసియు, ఇంగ్లండులో తెల్ల ఆస్‌బెస్టాస్ పూర్తిగా నిషిద్ధమగుటకు 1999వ సంవత్సరము రావలసి వచ్చెను.

అపాయము నూలు వడకిన చోటనే ఆగలేదు. క్లచ్చి ఒదుగుట యనగా లైనింగు అరుగుట. అరిగిన పొడి క్లచ్చి పెట్టెలోనే పేరుకొనును. మెకానిక్కు పెట్టె విప్పి, ఆ పొడిని గాలిపంపుతో ఊదివేయుట అన్ని దేశములలోను అలవాటు. ఊదినది గాలిలో కలిసి అతని శ్వాసలోనికే పోయెను. వాహనము నడుపువానికి మెత్తని కదలిక. దానిని బాగుచేయువానికి మెల్లని మృత్యువు.

ఈ విషయమున మన ప్రాంతమునకును సంబంధము కలదు. కడప జిల్లా పులివెందుల పరిసరములందు, వేంపల్లె శ్రేణి రాళ్ళలో తెల్ల ఆస్‌బెస్టాస్ నార దొరకెడిది. బ్రాహ్మణపల్లి గనులు భూగర్భశాస్త్రజ్ఞులకు సుపరిచితములు. భారతప్రభుత్వము 1986వ సంవత్సరమున ఆస్‌బెస్టాస్ గనులకు కొత్త కౌలు లిచ్చుట నిలిపివేసెను. 1995వ సంవత్సరము జనవరి 27వ తేదీన సుప్రీంకోర్టు, ఆస్‌బెస్టాస్ పనివారి పక్షమున దాఖలైన వ్యాజ్యములో, పనివాని ఆరోగ్యము అతని జీవించు హక్కులో అంతర్భాగమని తీర్పు చెప్పెను. కారు క్లచ్చి చరిత్ర వ్రాయువాడు ఇంజనీర్ల పేర్లతోపాటు ఈ తీర్పును కూడ వ్రాయవలసియున్నది.

ఆస్‌బెస్టాస్ పోయిన చోట అనేక పదార్థములు వచ్చి నిలిచెను. గాజునార, రాగితీగ, రెసిను కలిపి చేసినవానిని సామాన్యముగా ఆర్గానిక్ లైనింగు అందురు. అమెరికాలో డూపాంట్ సంస్థకు చెందిన స్టెఫనీ క్వోలెక్ అను విదుషి 1965వ సంవత్సరమున కనుగొనిన పదార్థమునుండి కెవ్లార్ నార పుట్టెను. తుపాకి గుండు నాపు కవచములకు వాడు ఈ నార క్లచ్చి లైనింగులోను ప్రవేశించెను. లోహపు పొడిని అదిమి కాల్చి చేసిన కంచు పలకలు, వానిలో పింగాణి వంటి పదార్థమును కలిపినవి, ట్రాక్టర్లకు, పందెపు కార్లకు వచ్చెను. ఫార్ములా వన్ పందెపు కార్లలో 1980వ దశకము నుండి బొగ్గునార పలకలు వాడుకలోనికి వచ్చెను. వాని క్లచ్చి అరచేతిలో ఇమిడిపోవును. స్ప్రింగులును మారెను. చుట్టు స్ప్రింగులకు మారుగా గిన్నె మూతవంటి ఒకే ఉక్కు రేకు, డయాఫ్రమ్ స్ప్రింగు, అమెరికాలో 1930వ దశకమున తలయెత్తి, 1965 తరువాత యూరపు కార్లలో విస్తరించెను.

శక్తిని పెంచిన కారునకు క్లచ్చిని బలపరచుట యనగా నేమి? క్లచ్చి మోయగల తిప్పుడుబలము నాలుగు అంశముల గుణకారము: ఒత్తిడి, లైనింగు పట్టు, పలక వ్యాసార్ధము, తాకు ముఖముల సంఖ్య. ఒత్తిడి 500 కిలోగ్రాములు, పట్టు 0.3, సగటు వ్యాసార్ధము 10 సెంటీమీటర్లు, ముఖములు రెండు అయినచో ఆ క్లచ్చి 30 కిలోగ్రాము-మీటర్ల బలమును జారక మోయును. ఇంజను అంతకు మించినచో ఈ నాలుగింటిలో ఏదో ఒకటి పెంచవలెను. ఒత్తిడి పెంచినచో కాలికి పెడలు బరువగును. పలకను వెడల్పు చేయుటకు పెట్టెలో చోటు చాలదు. రెండు పలకలు వేసినచో ఖర్చు పెరుగును. పట్టు ఎక్కువగల కంచు, పింగాణి ముక్కలు అతికినచో తొలినాటి తోలు శంకువు మొరటుతనమే మరల ఎదురగును. కారు కుదుపుతో కదలును. ఏ లాభమును ఊరక రాదు.

1964వ సంవత్సరమున పాంటియాక్ జి.టి.ఓ. వంటి పెద్ద ఇంజను కార్లు సామాన్యుల చేతికి వచ్చిన అమెరికాలో ఈ పాఠము కఠినముగా నేర్చుకొనిరి. నిలిచిన చోటునుండి ఒక్క ఉదుటున దూకు డ్రాగ్ పందెములలో, అధికవేగమున తిరుగు పోత ఇనుప ఫ్లైవీళ్ళు, క్లచ్చి భాగములు వేడికి బీటలువారి తుపాకి గుండ్లవలె పగిలిపోయెడివి. అవి నడుపువాని కాళ్ళ చెంతనే పగులుట చేత గాయములు ఘోరములు. అందువలననే ఉక్కు ఫ్లైవీలును, క్లచ్చి చుట్టును ఉక్కు కవచమును పందెములలో తప్పనిసరి యయ్యెను. బలము పెంచువాడు ఆ బలమును భరించు వస్తువును, దానిని అరికట్టు కవచమును కూడ ఏర్పరచుకొనవలెను.

ఇప్పుడు ఆ 800 కిలోమీటర్ల హితవు అర్థము తేటపడును. దానిని పాటించు విధమును క్రమముగా చూతము. కొత్త పలక వేయునప్పుడు ఫ్లైవీలు ముఖమును సమముగా సాన పట్టించవలెను; పాత గాడులపై కొత్త పలక ఎన్నటికిని ఒదగదు. నూనెమరకలను తుడువవలెను, జిడ్డు చేతులతో లైనింగును తాకరాదు. ఆ పిమ్మట ఊరి వీధులలో, ఆగుచు కదలుచు నడుపవలెను. ఒదుగుదల నిచ్చునది దూరము కాదు, పెడలు తొక్కి విడిచిన లెక్క. పెద్ద రహదారిపై పై గేరులో 800 కిలోమీటర్లు పోయినచో క్లచ్చి బిగిసియే యుండును గాని ఒదగదు. ఇంజను వేగమును తగ్గించి, నెమ్మదిగా, సంకోచము లేక పెడలు విడువవలెను. ఎత్తుపై కారు వెనుకకు జారకుండ క్లచ్చితో నిలుపరాదు. అందుకు చేతి బ్రేకు కలదు. బరువు లాగరాదు, పెడలుపై కాలు ఆనించి యుంచరాదు. మాడిన వాసన వచ్చినచో ఆపి చల్లారనీయవలెను.

తొలి దినములలో కదలునప్పుడు కొంచెము అదురు సహజము. అది దినదినమునకు తగ్గవలెను. పై గేరులో వేగము పెంచినప్పుడు ఇంజను మాత్రము హోరెత్తి కారు వేగము పెరుగకున్నచో, అది జారుడు, దానిని ఉపేక్షింపరాదు. గడువు లైనింగును బట్టి మారును. ఆర్గానిక్ లైనింగునకు 800 కిలోమీటర్లు సామాన్యము. కెవ్లారునకు 1,600 వరకు పట్టవచ్చును. అది ఒదుగకముందే మాడి మెరుగుపట్టినచో మరల కోలుకొనుట అరుదు. కాల్చిన లోహపు పలకలకు అంత ఓపిక అక్కరలేదు, త్వరగానే ఒదుగును. తయారుచేసినవాని కాగితములోని మాటయే అన్నింటికంటె ప్రమాణము.

యంత్రములు ఒక్కొక్కటిగా మనిషి చేతినుండి పనిని తొలగించుచున్నవి. 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబీల్ కార్లతోనే పెడలు లేని ఆటోమేటిక్ గేర్లు విపణిలోనికి వచ్చెను. విద్యుత్తు మోటారు నిలిచిన స్థితినుండియే బలము నిచ్చును గనుక విద్యుత్తు కారునకు ఇట్టి మధ్యవర్తి అక్కరయే లేదు. అయినను తన చేతితో గేరు మార్చుకొని, తన కాలితో పట్టును విడుపును ఎరుగగోరువారు నేటికిని ఉన్నారు. వారు విడిచిపెట్టరాని పాఠము ఒకటి ఈ చరిత్రలో కలదు. పట్టును అంగడిలో కొనవచ్చును, ఒదుగును కొనలేము. మంచి పట్టు కొరకు ఒకప్పుడు ఎవరెవరో తమ ఊపిరిని ధారపోసిరి. నేడు మనము చెల్లింపవలసిన వెల కొన్ని వందల కిలోమీటర్ల ఓపిక మాత్రమే. అది ఏమంత అధికము కాదు.